ఎడమకాలి సాక్ష్యం

చర్చి గ్రూపులో ఆయన పోయాడన్న మెసేజ్ వచ్చేసరికి నేను ఒక మేస్త్రీ మోకాలికి కట్టు కడుతున్నాను. చేతులకు గ్లవుజులు ఉన్నాయి కాబట్టి ఫోను ముట్టుకోకుండా, బల్ల మీద ఉన్నదాన్ని అట్లాగే వంగి చదివాను. పొద్దున ఫాంహౌజులో గడ్డికి నీళ్లు పెడుతూ, పైపు చేతిలో ఉండగానే కూలబడ్డాడట. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు, 'ప్రభువునందు నిద్రించిరి' అన్న మాటలు. నాకు తోచిన మాట మాత్రం వేరు. పీడ వదిలింది, ఇక ఆ కాలు నాది, అనుకున్నాను.

చావు కబురు విని అనుకోవలసిన మాట కాదని తెలుసు. పైగా ఆయన పరాయివాడు కాదు, మా బాపుకు పెద్దనాన్న కొడుకు, నాకు పెద్దబాపు. అయినా అనుకున్నాను. ఏడేళ్లుగా ఆ మనిషి మీద నాకున్న కోపం పచ్చిగానే ఉంది. మనిషి పోయినంత మాత్రాన ఆరిపోయే రకం కాదది. ఆ కాలు ఎవరిదో, దాని కోసం చచ్చినవాడితో నాకు పేచీ ఏమిటో చెప్పాలంటే ముందు ఆయన ఎట్లాంటివాడో చెప్పాలి.

కనకమామిడిలో పట్నం సారు ఒకాయన ఫాంహౌజుకు ఆయన వాచ్‌మెన్, తోటమాలి కూడా. వారమంతా ఖాకీ చొక్కా, ఆదివారం సురంగల్ చర్చికి తెల్లచొక్కా. ఏ చొక్కా అయినా జేబులో ఇత్తడి విజిల్ ఉండేది. దేశమంతా క్రికెట్ పిచ్చిలో ఉంటే ఆయనది ఫుట్‌బాల్ పిచ్చి. పిచ్చి అంటే ఆడటం కాదు, ఆడినవాళ్లను కలవడం. పెద్ద పెద్ద ఆటగాళ్లను తను ఎక్కడెక్కడ కలిసిందీ, వాళ్లు తనతో ఏమన్నదీ చెప్పకుండా ఆయన ఒక్క పెండ్లి భోజనం కూడా ముగించి ఎరుగడు.

చెప్పే ముందు ఒక తంతు ఉండేది. గొంతు సవరించుకొని, ఎడమకాలి ప్యాంటు మోకాలి దాకా మడిచి, పిక్క ముందు వైపున్న మచ్చ చూపించేవాడు. "ఇది బూటు ముద్ర" అనేవాడు. సైకిలు చైను కోసుకున్న మచ్చ అని మా పెద్దమ్మ వంటింట్లోంచే అనేది. ఆయన వినిపించుకునేవాడు కాదు. "నోటిదేమున్నది బిడ్డ, ఎన్నన్న చెప్తది. కాలు అబద్ధమాడదు" అని మొదలుపెట్టేవాడు. అంటే ఇక అబద్ధాలు మొదలన్నమాట.

వాటిలో పేరుపడ్డది పంక్చరు కథ. దేశం తరఫున ఆడిన కెప్టెన్ ఒకాయన కారు మొయినాబాద్ చౌరస్తాలో పంక్చరైంది. అటుగా పోతున్న పెద్దబాపు జాకీ పెట్టి, టైరు విప్పి, చేతులు నల్లగా చేసుకున్నాడు. కెప్టెన్ ఆయన భుజం మీద చెయ్యేసి, నువ్వు ఏ పొజిషన్‌లో ఆడినవు అని అడిగాడు. "డిఫెన్స్ సార్. ఇప్పుడు గూడ గదే, గేటు కాడ" అన్నాడట ఈయన. ఈ మాట దగ్గర జనం పడిపడి నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, నా స్కూటరు అదే చౌరస్తాలో పంక్చరయ్యేదాకా. అక్కడి షాపులో గొప్పగా ఆ కథ ఎత్తాను.

"మీ పెద్దబాపా?" అన్నాడు పంక్చరు షాపతను, ట్యూబును నీళ్లల్లో ముంచుతూ. "ఆ కారుకు టైరు మార్చింది నేను మేడం. మీ పెద్దబాపు గా దిక్కు నిలవడి చాయ్ తాగిండు."

"మరి ఏ పొజిషన్‌లో ఆడినవని కెప్టెన్ అడిగిండట?"

"ఎవర్ని? నన్నా? ఏమడగలె. జాకి జర జల్ది తిప్పు అన్నడు, గంతే."

రెండోది ఫోటో కథ. అజీజ్‌నగర్‌లో ఫుట్‌బాల్ టర్ఫు ఒకటి తెరిచినప్పుడు పేరున్న గోల్‌కీపర్ వచ్చాడు. చుట్టుపక్కల ఫాంహౌజుల్లో పనిచేసేవాళ్లంతా ఎగబడి పదిమంది ఒక్క ఫోటో దిగారు. పెద్దబాపు ఆ ఫోటో ప్రింటు తీయించి, కత్తెర పట్టుకొని, తనూ గోల్‌కీపరూ మిగిలేలా మిగతా ఎనిమిదిమందినీ కత్తిరించేశాడు. కాకపోతే ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి ఒకటి తెగకుండా ఉండిపోయింది. "చూసినవా, ఎంత దోస్తానీగ చెయ్యేసిండో" అని చూపించేవాడు. ఆ గోల్‌కీపర్ రెండు చేతులతో బంతి పట్టుకొని ఉన్నాడు మరి. ఆ మూడో చెయ్యి పక్క ఫాంహౌజు వంటమనిషిది. వేలికి తగిలిన కత్తిగాటుకు నేనే కట్టు కట్టాను, ఫోటోలో ఆ కట్టు కూడా కనిపిస్తుంది.

ఇవన్నీ విని ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. నేను ఊరుకోకపోవడానికి ఇంకో పాత పేచీ ఉంది. క్రిస్మస్ వారంలో మా సంఘంలో పెండ్లయినవాళ్లకూ పెండ్లికానివాళ్లకూ ఫుట్‌బాల్ పోటీ పెట్టడం ఆనవాయితీ. వరి కోసిన మళ్లల్లో కొయ్యకాళ్లు తొక్కుకుంటూ ఆడతారు. రిఫరీ ఎప్పుడూ ఆయనే. ఎవరూ ఎన్నుకోలేదు, విజిల్ ఆయన దగ్గర ఉందంతే. సబ్బు డబ్బాల అట్ట కత్తిరించి పసుపు కార్డు, ఎర్ర కార్డు చేసి పెట్టుకున్నాడు. ఆ ఏడు ఏ పెండ్లిలోనైనా తనను ముందు వరసలో కూర్చోబెట్టనివాళ్లు డిసెంబరులో పసుపు కార్డు చూసి తీరేవాళ్లు.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, నర్సింగు చదువు మధ్యలో సెలవులకు వచ్చి, బూట్లు కట్టుకొని పెండ్లికానివాళ్ల వైపు నిలబడ్డాను. మిషన్ హాస్టల్లో ఆరేళ్లు టీములో ఆడినదాన్ని. బంతి నా వైపు వస్తే అలవాటుగా ఎడమకాలితో ఒకటి తన్నాను. ఆట ఇంకా మొదలే కాలేదు, విజిల్ ఊదేశాడు.

"ఆడపిల్లలకు గా దిక్కు కుర్చీలాట పెట్టినం, పోండ్రి."

"నేను హాస్టల్ టీముల ఆడుత పెద్దబాపు."

ఆయన నా ఎడమకాలి వైపు చూశాడు. "అండ్ల పుర్రకాలిది" అన్నాడు ఊరందరికీ వినబడేలా. "ముందుగాల ఇంట్లకు కుడికాలు పెట్టి వచ్చుడు నేర్పుండ్రి దీనికి." మళ్లలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మా బాపు కూడా నవ్వాడు. నేను పోయి కుర్చీలాట ఆడాను. అందులోనూ మొదటి రౌండులోనే పోయాను.

పుర్రచెయ్యి, పుర్రకాలు అని చిన్నప్పటి నుంచి తిట్లు తిన్నదాన్ని కాబట్టే నాకు ఒకే ఒక్క ఆటగాడు దేవుడు. దేవుడు అంటే మా చర్చి అయ్యగారు ఒప్పుకోరు, కానీ అంతే. హాస్టల్లో పీఈటీ మేడం గది గోడకు పాత పేపరు ఫోటో ఒకటి అంటించి ఉండేది. పట్నం గల్లీల్లో పుట్టి దేశానికి ఆడినవాడు. బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమకాలు వెనక్కి లాగి, తన్నబోయే ముందు క్షణంలో ఉన్నాడు. ఎడమచేత్తో అన్నం పెట్టకూడదు, ఎడమకాలితో గడప తొక్కకూడదు, కానీ ఎడమకాలితో గోలు కొడితే పేపర్లో వేస్తారని నాకు ఆ గోడ చెప్పింది. పరీక్షలకు పోయే ముందు ఆ ఫోటో చూసి పోయేదాన్ని.

ఏడేళ్ల కిందటి వానాకాలంలో ఆ ఫోటోలోని మనిషి నడుచుకుంటూ నా డ్రెస్సింగు గదిలోకి వచ్చాడు. నేను చేవెళ్లలో ఒక చిన్న దవాఖానలో సిస్టరుగా చేస్తున్నాను. ఆయన కనకమామిడి ఫాంహౌజు సారుకు పాత స్నేహితుడట, గాలి మారుతుందని రెండు నెలలు ఉండటానికి వచ్చాడట. షుగరు ఉంది, కాలి కింద పుండు పడింది. కారులో వెంట వచ్చినవాడు పెద్దబాపు. ఆటగాడికి తెలుగు ముక్క రాదని, ఏ మాటైనా తనే చెప్పాలని హడావిడి చేస్తూ లోపలిదాకా వచ్చాడు. నేను కట్టు విప్పగానే పుండు చూసి మొహం తిప్పుకొని, గోడ పట్టుకొని, బయటి బెంచీ మీద కూలబడ్డాడు.

ఇక్కడ నుంచి ఆ ఉదయాన్ని నేను ఇన్నేళ్లూ ఎట్లా దాచుకున్నానో అట్లాగే రాస్తున్నాను.

చీటీ మీద పేరు చదివాను. పేరు చదివి కాలు చూశాను. ఎడమకాలు. వెడల్పాటి పాదం, బూట్లలో ఏళ్లకేళ్లు నలిగి ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన రెండు వేళ్లు, చీలమండ దగ్గర ఎప్పుడో విరిగి అతుక్కున్న ఎముక. ఆ పాదాన్ని అరచేతిలోకి తీసుకున్నప్పుడు నా చెయ్యి వణికింది. పదిహేనేళ్ల నౌకరీలో ఎప్పుడూ వణకలేదు. సెలైనుతో మెల్లగా కడిగాను. "జర ఆహిస్తా, బేటీ" అన్నాడు ఆయన, ఇంకా మెల్లగా అని, పళ్లు బిగించి.

నాకు వచ్చిన దవాఖాన ఉర్దూలోనే కూడబలుక్కొని, నాది కూడా ఎడమకాలే సార్ అన్నాను. ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పొట్ట ఊగేలా నవ్వాడు. ట్రేలో ఉన్న కొత్త కట్టు చుట్ట, ఇంకా కవరు విప్పనిది, తీసి నేల మీద వేశాడు. "మార్" అన్నాడు, తన్నమని.

తెల్లబూట్లు, తెల్ల యూనిఫారం, ఏడేళ్ల బిడ్డ తల్లిని. తలుపు సగం తెరిచి ఉంది. తన్నాను. చుట్ట తలుపు సందులోంచి తిన్నగా పోయి బెంచీ మీద కళ్లు మూసుకొని కూర్చున్న పెద్దబాపు పిక్కకు తగిలింది. ఆ సైకిలు చైను మచ్చ మీదే తగిలిందని నా నమ్మకం. ఆటగాడు చప్పట్లు కొట్టాడు. "ఎడీ మత్ ఉఠా, ఫిర్‌సే" అన్నాడు. మడమ లేపకు, ఇంకోసారి. కానీ ఇంకోసారి తన్నడానికి చుట్ట తిరిగి రాలేదు. పెద్దబాపు దాన్ని ఎత్తి జేబులో వేసుకున్నాడు. నేను వేరే చుట్ట తీసి కట్టు కట్టాను. చెప్పులు వేసుకొని లేచి, తన కాలి వైపు ఒకసారి, నా కాలి వైపు ఒకసారి చూసి ఆటగాడు అన్నాడు: "నా కాలు అలిసిపోయింది బిడ్డా. ఇగ నీ కాలికి అప్పజెప్తున్న."

ఆ ఒక్క మాట చాలు నాకు. కుర్చీలాట ఆడించిన ఊరికి, ఆ మళ్లలో నవ్విన ప్రతి నోటికి అదే జవాబు. ఇప్పుడు పద్నాలుగేళ్ల నా కూతురు స్కూలు టీములో ఎడమ వైపు ఆడుతుంది, అదీ ఎడమకాలిదే. ఆ మాటను తన బూట్ల డబ్బా మూత లోపల స్కెచ్‌పెన్నుతో రాసుకుంది. మ్యాచికి పోయే ముందు మూత తీసి చదువుకొని పోతుంది.

ఆ వచ్చిన ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాలనుకున్నాను. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకునే సమయం అది. రోగం తగ్గినవాళ్లు, నౌకరి వచ్చినవాళ్లు చెబుతారు. నేను ఎప్పుడూ చెప్పినదాన్ని కాదు. వారమంతా మాటలు కూర్చుకొని, స్నానం చేస్తూ కూడా వల్లె వేసుకున్నాను. అయ్యగారు "సాక్ష్యాలు ఉన్నోళ్లు లేవండ్రి" అన్నాడు. చున్నీ తల మీద సర్దుకొని లేవబోతున్నాను, మగవాళ్ల వైపు నుంచి పెద్దబాపు లేచాడు.

"ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగిండు" అని మొదలుపెట్టాడు. "నేనెంత? గేటు కాడ వాచ్‌మెన్‌ను. అసొంటి నాకు గూడ ఒక మహానుభావుని కాలు కడిగే భాగ్యం ఇచ్చిండు దేవుడు. ఆ కాలు పట్టుకుంటె నా చెయ్యి వణికింది..."

నా వణుకు కూడా తీసుకున్నాడు. మొహం తిప్పుకొని బెంచీ మీద కూలబడ్డవాడు, ఆ పుండును ఎట్లా కడిగిందీ, ఎట్లా తుడిచిందీ చెప్పాడు. జేబులోంచి కట్టు చుట్ట తీసి పైకెత్తాడు. "ఇదిగో, దీన్ని ఆ ఎడమకాలితోని నా దిక్కు తన్నిండు. నేను రెండు చేతులతోని పట్టిన." పుండున్న కాలితో ఎవరైనా తంతారా అని ఒక్కరు అడగలేదు. చివరికి గొంతు తగ్గించి ఆ మాట కూడా చెప్పాడు, కాలు అలిసిపోయిన మాట, అప్పజెప్పిన మాట. 'బిడ్డా' అన్నచోట 'తమ్మీ' అన్నాడు, అంతే తేడా. "స్తోత్రం" అన్నారు అందరూ. ముసలమ్మలు ఏడ్చారు. చెప్పడం మాత్రం ఆయనకు వచ్చు, నా సంగతిని నేనే విని నేనూ ఏడ్చాను. అందుకు ఆయన మీద కన్నా నా మీద ఎక్కువ ఒళ్లు మండింది.

మరునాడు డ్యూటీ నుంచి నేరుగా కనకమామిడి పోయాను. గడ్డికి నీళ్లు పెడుతున్నాడు.

"పెద్దబాపు, అది నా ముచ్చట."

"ఏది బిడ్డ?"

"కాలు. కడిగింది నేను, తన్నింది నేను. నువ్వు పుండు చూసి బయట కూసున్నవ్."

ఆయన కోపానికి రాలేదు. పైపును ఒక మడి నుంచి ఇంకో మడికి జరిపి, ఆట నియమం తెలియని పిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "కడిగినవ్, ఎవలు కాదన్నరు? దినాం ఇరవై మందికి కడుగుతవ్. నీకు జీతమిచ్చేదే అందుకు. జీతానికి కడిగితె అది డ్యూటీ బిడ్డ. నేను కడిగితె సాక్ష్యం."

"నువ్వు కడగలేదు కద!"

"మనసుల కడిగిన."

"నేను అందరికి నిజం చెప్త."

"చెప్పు, ఫికర్ లేదు. ఆడమనిషి బాల్ తన్నిందంటె నమ్మెటోడు ఎవడో చూద్దాం. అండ్ల పుర్రకాలితోని." నవ్వుతూ పైపు నా కాళ్ల వైపు ఒకసారి ఊపాడు. నా తెల్లబూట్లు తడిశాయి.

మా బాపుతో చెబితే "పోనియ్యి బిడ్డ, పెద్దోడు. ఆయనకు గా ముచ్చట్లు తప్ప ఏమున్నయ్" అన్నాడు. నాకు మాత్రం ఏమున్నాయని ఎవరూ అడగలేదు. ఆ చలికాలంలోనే ఆటగాడు పోయాడు. నా పక్షాన చెప్పగలిగిన నోరు అదొక్కటే ఉండేది.

అప్పటి నుంచి ప్రతి ఏడూ గుడ్ ఫ్రైడే ముందు గురువారం, అయ్యగారు పన్నెండుమంది కాళ్లు కడిగే ఆరాధనలో పెద్దబాపు సాక్ష్యం తప్పనిసరి అయింది. ఏడాదికి ఒక మెరుగు పెట్టేవాడు. మొదటి ఏడు నీళ్లతో కడిగాడు, రెండో ఏడు ఆ నీళ్లలో కన్నీళ్లు కలిశాయి, మూడో ఏడు ఆటగాడు ఈయన తల మీద చెయ్యి పెట్టి దీవించాడు. కట్టు చుట్ట ఇంట్లో అద్దాల బీరువాలో, పెండ్లి ఫోటో పక్కన చేరింది. నాలుగేళ్లు కూర్చొని విన్నాను. ఆ తర్వాత ఇక వినలేక, ఆ గురువారాలు అడిగి మరీ డ్యూటీ వేయించుకునేదాన్ని.

ఒకసారి నాకు చిక్కాడు. గడ్డి కోసే మిషను తగిలి అరికాలు చీరుకుపోయి, మా దవాఖానకే తెచ్చారు. నన్ను చూసి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దూది తాకగానే బల్ల అంచు పట్టుకొని "అవ్వా" అని అరిచాడు.

"మనసుల కడిగినోనికి ఇంత భయమెందుకు పెద్దబాపు?" అన్నాను.

"జర నీళ్లియ్యి బిడ్డ" అన్నాడు. నీళ్లిచ్చాను. మందు కొంచెం మండేదే వాడానేమో, అది నాకూ పైవాడికీ తెలుసు. కాలు అబద్ధమాడదన్న మాట ఆ రోజు మాత్రం నిజమే.

ఇదీ మనిషి. అందుకే జ్ఞాపకార్థ కూడికకు నేను తెల్లచీర కట్టుకొని, కూతుర్ని వెంటబెట్టుకొని, చెప్పవలసిన మాటలు వల్లె వేసుకొని మరీ పోయాను. సురంగల్‌లో వాళ్ల ఇంటి ముందు టెంటు వేశారు. బల్ల మీద పెద్దదిగా చేయించిన ఫోటో, అదే అజీజ్‌నగర్ ఫోటో. ఈసారి గోల్‌కీపర్‌ను కూడా కత్తిరించారు. భుజం మీద చెయ్యి మాత్రం ఇంకా ఉంది. ఆ చెయ్యి తాలూకు వంటమనిషి మూడో వరసలో కూర్చొని ఉన్నాడు. ఫోటో పక్కన స్టీలు పళ్లెంలో విజిల్, కట్టు చుట్ట.

పాటలైనాక, వాక్యమైనాక, అయ్యగారు మైకులో అన్నాడు: "పెద్దమనిషి ఆ మహానుభావుని కాలు కడిగిన దినం మన బిడ్డ, సిస్టరు, ఆ దవాఖానలనే ఉన్నదట. రెండు మాటలు చెప్తది."

లేచాను. మైకు ఒక చేత్తో, పళ్లెంలోంచి చుట్ట తీసి ఇంకో చేత్తో పట్టుకున్నాను. "మా పెద్దబాపు ఆ కాలు కడగలేదు" అన్నాను. "నేను కడిగిన."

వరసల్లో తలలు ఒకదాని వైపు ఒకటి తిరిగాయి. నేను ఆగలేదు. పాదం ఎట్లా ఉందో చెప్పాను, ఒకదాని మీద ఒకటి ఎక్కిన వేళ్లు, విరిగి అతుక్కున్న ఎముక. చూసినవాళ్లకు తప్ప తెలియని సంగతులు. నాది కూడా ఎడమకాలే అన్న మాట చెప్పాను. చుట్ట నేల మీద వేసి నన్ను తన్నమన్నది చెప్పాను. అది పోయి పెద్దబాపు పిక్కకు తగిలిందంటే ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వారంటే నమ్ముతున్నారు. మొదటిసారి ఊరు నా మాట వింటోంది. మా బాపు తల దించుకొని వింటున్నాడు. నా కూతురు రెండో వరసలో నోరు తెరుచుకొని చూస్తోంది. గెలిచాననుకున్నాను.

"పొయ్యే ముందు ఆయన తన కాలు దిక్కు చూసి అన్నడు" అని గొంతు తగ్గించాను. "నా కాలు అలిసిపోయింది..."

"...ఇగ నీ కాలికి అప్పజెప్తున్న తమ్మీ!" అంది టెంటంతా. ముసలమ్మలు, పిల్లలు, ఆ వంటమనిషి, అందరూ ఒక్క గొంతుతో, ఏడేళ్ల అలవాటు మీద. "స్తోత్రం" అని కూడా అన్నారు. నేను అన్న 'బిడ్డా' ఎవరికీ వినబడలేదు.

మైకు పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. ఆ మాట అంతమంది నోట్లో వినేసరికి దాని యాస వినిపించింది. తెలుగు. మా ఊరి తెలుగు. ఆ మనిషికి తెలుగు ముక్క రాదు. ఆయన దాన్ని ఉర్దూలో ఎట్లా అన్నాడో గుర్తు తెచ్చుకోబోయాను. జర ఆహిస్తా గుర్తుంది, ఆయన గొంతుతో సహా. మార్ గుర్తుంది. ఎడీ మత్ ఉఠా గుర్తుంది. ఆ తర్వాత ఆయన చెప్పులు వేసుకున్నాడు, గోడ పట్టుకొని నడిచాడు, పెద్దబాపు కారు తలుపు తీశాడు. అంతే. ఇంకేమీ లేదు. ఎంత వెతికినా లేదు.

ఆ మాట పెద్దబాపుది. పంక్చరు కథలో పొజిషన్ మాట ఎట్లా ఆయనదో అట్లాగే. నేను ఏడేళ్లుగా ఊరికి జవాబుగా దాచుకున్నది, నా బిడ్డ బూట్ల డబ్బాలో రాసుకున్నది, ఆ దొంగ తన నోటితో అల్లినది. నా దగ్గర ఎత్తుకుపోయిన దాంట్లో తన ముక్క ఒకటి కలిపి నా తలలోనే పెట్టి పోయాడు. చచ్చి కూడా గెలిచాడు. నాకు ఏడుపు రాలేదు, పళ్లు కొరుక్కున్నాను.

ఏదో గొణిగి, మైకు అయ్యగారి చేతికిచ్చి కూర్చున్నాను. భోజనాల దగ్గర పెద్దమ్మ నా పక్కకు వచ్చి, నా చేతిలోనే ఉండిపోయిన చుట్ట చూసింది. తిరిగి ఇవ్వబోతే వద్దంది. చేత్తో నా చెంప నిమిరింది.

"మస్తు చెప్పినవ్ బిడ్డ" అంది. "అచ్చం మీ పెద్దబాపు లెక్కనే."

సాయంత్రం మొయినాబాద్‌కు స్కూటరు మీద వస్తుంటే కూతురు వెనక నుంచి నా భుజం మీద గడ్డం ఆనించింది. మరునాడు దానికి మ్యాచి ఉంది.

"మమ్మీ, గా లాస్ట్ మాట ఆయన నీకన్నడా, తాతకన్నడా? నిజం చెప్పు."

గొంతు సవరించుకున్నాను.

"నాకే అన్నడు బిడ్డ" అన్నాను. చేతులు రెండూ హ్యాండిలు మీద ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే చీర అంచు పైకి లాగి ఎడమ పిక్క కూడా చూపించేదాన్ని.